ప్రసంగానికి ముందు మోకరించిన రాత్రి

కాలేజీ చదువు ముగించి దేవుని సేవకు వెళ్తానని తీర్మానించుకున్న కుర్రవాణ్ణి చూస్తే మన సంఘాల్లో అందరికీ సంతోషమే. పెద్దలు తలమీద చేతులుంచి ప్రార్థిస్తారు. స్త్రీల సమాజం చందా పోగుచేస్తుంది. అయ్యగారు సిఫారసు ఉత్తరం రాసిస్తారు. ఎన్నేళ్లు చదవాలి, హెబ్రూ, గ్రీకు ఎవరు చెబుతారు, హాస్టల్ ఫీజు ఎంత అని అందరం విచారిస్తాం. ఒక్క సంగతి మాత్రం అడగం. రేపు పుల్పిట్ మీద నిలబడి అతడు ఏ విశ్వాసాన్ని ప్రకటిస్తాడో, ఆ విశ్వాసం అతనికి ఉందా? అలా అడగడం మర్యాద కాదనుకుంటాం. మూడు వందల ఏళ్ల కిందట జర్మనీలో ఒక యువ వేదాంత పండితుడు ఈ ప్రశ్నను తనకు తానే వేసుకున్నాడు. లేదు అన్న జవాబు వచ్చింది. ఆయనే ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే. లూథరన్ కాపరులను తయారుచేసే పనిలో ఆయన గడిపిన దాదాపు నలభై ఏళ్లకూ ఆ జవాబే పునాది.

ఫ్రాంకే 1663 మార్చిలో ఉత్తర జర్మనీలోని లూబెక్ నగరంలో పుట్టాడు. తండ్రి న్యాయశాస్త్ర పండితుడు. తల్లి ఆ నగర మేయరు కూతురు. గోథాలో భక్తిపరుడని పేరుపొందిన ఎర్నెస్ట్ ప్రభువు కొలువులో తండ్రికి ఉద్యోగం రావడంతో కుటుంబం అక్కడికి చేరింది. 1670లో తండ్రి చనిపోయాడు. అప్పటికి ఫ్రాంకేకు ఏడేళ్లు. ఇంట్లో బైబిలు చదువు, ప్రార్థన ఉండేవి. సోదరి అన్నా భక్తి ఆ పసి మనసు మీద గట్టి ముద్ర వేసింది. చదువులో ఆయన తోటివారిని మించిపోయాడు. పద్నాలుగేళ్లకే యూనివర్సిటీకి తగినవాడనిపించుకున్నాడు. ఎర్ఫర్ట్, కీల్ నగరాల్లో చదివాడు. హాంబర్గ్‌లో ఎజ్రా ఎడ్జార్డ్ అనే గొప్ప హెబ్రూ పండితుని దగ్గర కూర్చుని ఆ భాష నేర్చుకున్నాడు. ఆ తరువాత ఇంటికి వచ్చి హెబ్రూ పాత నిబంధనను మొదటి నుంచి చివరి వరకు పలుమార్లు చదివాడు.

ఇంత చదువు దేనికోసం? తరువాతి రోజుల్లో రాసుకున్న జీవితకథలో ఆయన దీన్ని దాచలేదు. మంచి పేరు, పెద్ద పదవి, సుఖమైన జీవితం కావాలని చదివానని ఒప్పుకున్నాడు. వేదాంతం ఆయన తలలో ఉండేది, హృదయంలోకి దిగలేదు. బంధువుల పూర్వికుడు ఏర్పాటు చేసిన ఒక స్కాలర్‌షిప్ మీద చదువు సాగేది. దాని పెత్తనం మేనమామ చేతిలో ఉండేది. ఆ డబ్బు వేదాంత విద్య కోసం ఇచ్చినది కాబట్టి వేదాంతం చదివాడంటే పూర్తిగా తప్పు కాదు. ఇందులో మన పిల్లల కథ కూడా కొంత ఉంది కదా!

1684లో లీప్జిగ్ చేరాడు, మరుసటి సంవత్సరం మాస్టర్ డిగ్రీ పొందాడు. ఆ కాలపు లూథరన్ యూనివర్సిటీల తీరు ఇక్కడ కొంత చెప్పుకోవాలి. లూథరు వాక్యాన్ని ప్రజల చేతికి ఇచ్చి నూట యాభై ఏళ్లు దాటింది. ఆయన పేరు చెప్పుకునే విద్యాలయాల్లో మాత్రం విద్యార్థుల సమయం ఎక్కువగా సిద్ధాంత వాదాలకే పోయేది. రోమన్ కథోలికులకు, కాల్వినిస్టులకు ఎలా జవాబు చెప్పాలో వారికి బాగా వచ్చేది. పౌలు పత్రికను ఒక అధ్యాయం తరువాత ఒక అధ్యాయంగా కూర్చుని చదివే తరగతి దొరకడం కష్టమయ్యేది. 1686లో ఫ్రాంకే, ఆయన స్నేహితుడు పౌల్ ఆంటోన్, మరికొందరు యువ అధ్యాపకులు కలిసి ఒక బైబిలు అధ్యయన బృందాన్ని మొదలుపెట్టారు. ఆదివారం కూడుకుని పాత నిబంధనను హెబ్రూలో, కొత్త నిబంధనను గ్రీకులో చదివేవారు. మొదట అది కూడా పండితుల గోష్ఠిగానే నడిచింది. అప్పట్లో డ్రెస్డెన్‌లో ఆస్థాన బోధకుడిగా ఉన్న ఫిలిప్ యాకోబ్ ష్పేనర్ వారికి ఒక సలహా ఇచ్చాడు. ఒక్కసారికి కొన్ని వచనాలు మాత్రమే తీసుకుని, వాటిని మన బ్రతుకుకు అన్వయించుకుంటూ చదవమన్నాడు. ష్పేనర్ లూథరన్ సంఘంలో భక్తి ఉజ్జీవానికి ఆద్యుడు. ఫ్రాంకే జీవితంలో ఈయన చేయి చాలాచోట్ల కనిపిస్తుంది.

1687లో మేనమామ ఆయనను ల్యూనెబర్గ్ పంపాడు. అక్కడి సూపరింటెండెంటు సాండ్‌హాగెన్ దగ్గర లేఖన వ్యాఖ్యానం నేర్చుకోవాలని ఉద్దేశం. ఊరికి వచ్చిన యువ పండితుణ్ణి సెయింట్ జాన్ చర్చిలో ప్రసంగించమని అడిగారు. ఫ్రాంకే యోహాను సువార్త 20వ అధ్యాయం 31వ వచనం ఎంచుకున్నాడు. యేసే దేవుని కుమారుడైన క్రీస్తని నమ్మాలనీ, నమ్మి ఆయన నామమందు జీవం పొందాలనీ యోహాను తన సువార్త ఎందుకు రాశాడో చెప్పిన వచనమది. నిజమైన, సజీవమైన విశ్వాసం వేరు, మనిషి ఊహించుకునే విశ్వాసం వేరు అని విడదీసి చెబుదామనుకున్నాడు. అది మంచి అంశమే. అయితే ప్రసంగం సిద్ధం చేసుకుంటుండగా ఆయనకు ఒక భయంకరమైన సంగతి తెలిసొచ్చింది. తాను ఇతరులకు వివరించబోతున్న ఆ సజీవ విశ్వాసం తనలో ఎంత వెదికినా కనిపించలేదు.

ఆ తరువాత కొద్ది రోజులు ఆయన పడిన వేదన చదివితే మనకు ఒళ్లు జలదరిస్తుంది. తలుపు ఒకటి తెరుచుకుంటే వెనక వంద తెరుచుకున్నట్లు సందేహాలు వచ్చిపడ్డాయి. బైబిలు దేవుని వాక్యమని నాకెలా తెలుసు? తురుష్కులు తమ ఖురాన్ గురించి, యూదులు తమ తల్మూదు గురించి అదే మాట అంటున్నారు కదా, ఎవరు సరి? చివరికి దేవుడున్నాడా అన్నంత వరకు వెళ్లాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై నాలుగు. చేతిలో మాస్టర్ డిగ్రీ ఉంది, హెబ్రూ బైబిలు కొట్టినపిండి. బుధవారం ప్రసంగం. పరిస్థితి ఇలాగే ఉంటే వెళ్లి, నేను చెప్పలేనని మానుకుందామనుకున్నాడు. విశ్వాసం లేకుండా ఆ మెట్లెక్కి జనాన్ని, తనను కూడా మోసం చేసుకోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

ఫ్రాంకే జీవితంలో మేము ఎక్కువ గౌరవించేది ఈ నిర్ణయాన్నే. తరువాత వచ్చిన అనుభవం దేవుడిచ్చినది. ప్రసంగం మానుకోవడానికి సిద్ధపడటం మాత్రం ఆ యువకుని నిజాయితీ. చదువు ఉంది, మాటకారితనం ఉంది, ఎవరికీ తెలిసేది కాదు. అరగంట చక్కగా మాట్లాడి దిగిపోతే అందరూ చేయి కలిపి మెచ్చుకునేవారే!

ఆ ఆదివారం రాత్రి ఆయన మోకాళ్లూనాడు. తాను నమ్మలేకపోతున్న దేవుణ్ణే, ఉంటే రక్షించమని వేడుకున్నాడు. మోకాళ్ల మీద ఉండగానే సందేహాలన్నీ చెయ్యి తిప్పినంత సేపట్లో పోయాయని ఆయన రాసుకున్నాడు. పట్టరాని సంతోషంతో లేచాడు. దేవుణ్ణి తన తండ్రిగా ఎరిగానన్న నిశ్చయం కలిగింది. బుధవారం అదే వచనం మీద ప్రసంగించాడు. నమ్మితిని గనుక మాట్లాడుతున్నానని చెప్పే కొరింథీయుల రెండవ పత్రికలోని మాట ఆ రోజు తన విషయంలో నిజమైందని తరువాత చెప్పుకున్నాడు.

అక్కడి నుంచి ఫ్రాంకే దారి మారింది. హాంబర్గ్‌లో కొంతకాలం చిన్నపిల్లలకు పాఠాలు చెప్పాడు. పిల్లలకు చెప్పడమెలాగో తెలియనివాడు పెద్దలకు చెప్పలేడన్న గ్రహింపు అక్కడే కలిగింది. ష్పేనర్ ఇంట్లో కొన్ని వారాలు గడిపి 1689లో లీప్జిగ్ తిరిగి వచ్చాడు. పౌలు పత్రికల మీద తరగతులు మొదలుపెట్టాడు. లాటిన్ మాత్రమే వినిపించే చోట జర్మన్‌లో కూడా చెప్పాడు. విద్యార్థులు విరగబడ్డారు. కొన్ని తరగతులకు మూడు వందల మంది వరకు వచ్చేవారు. ఊరి పనివారు, గృహిణులు కూడా వచ్చి వెనక నిలబడేవారు. విద్యార్థులు తమ గదుల్లో సొంతంగా బైబిలు కూడికలు పెట్టుకున్నారు. పెద్ద ప్రొఫెసర్లకు ఇది నచ్చలేదు. తత్వశాస్త్ర తరగతులు ఖాళీ అవుతున్నాయనీ, పామరులు లేఖనం వివరిస్తున్నారనీ ఫిర్యాదులు వెళ్లాయి. ఈ గుంపుకు 'పైటిస్టులు' అని ఎగతాళి పేరు పెట్టారు. భక్తి అన్న మాట తిట్టుగా మారడం విచిత్రమే. విచారణ జరిగింది. క్రిస్టియాన్ థొమాసియుస్ అనే న్యాయవేత్త ఫ్రాంకే పక్షాన అభిప్రాయం రాసిచ్చాడు. అయినా 1690లో ఇలాంటి కూడికలన్నిటినీ నిషేధించారు.

ఫ్రాంకే ఎర్ఫర్ట్ వెళ్లి అగస్టీన్ చర్చిలో సహాయ కాపరిగా చేరాడు. ఒకప్పుడు లూథరు సన్యాసిగా జీవించిన మఠం చర్చి అది. అక్కడా అదే వరస. జనం మూగారు, అధికారులు భయపడ్డారు. 1691లో గంటల లెక్కన గడువు పెట్టి ఊరు విడిచి పొమ్మన్నారు. ఈ గడువును గుర్తుంచుకుందాం. మళ్లీ దీనితో పని ఉంది.

అప్పటికి ష్పేనర్ బెర్లిన్ చేరాడు. బ్రాండెన్‌బర్గ్ పాలకుడు హాలే నగరంలో కొత్త యూనివర్సిటీ నెలకొల్పుతున్నాడు. ష్పేనర్ సిఫారసుతో ఫ్రాంకేకు అక్కడ గ్రీకు, ప్రాచ్య భాషల ప్రొఫెసరు ఉద్యోగం దొరికింది. దానితోపాటు ఊరి వెలుపల ఉన్న గ్లౌహా అనే చిన్న పట్టణం చర్చికి కాపరిత్వం కూడా దొరికింది. 1692 జనవరిలో అక్కడికి చేరాడు. తరువాత 1698లో వేదాంత ప్రొఫెసరు అయ్యాడు. ఒకే మనిషి ఉదయం యూనివర్సిటీలో పాఠం చెప్పి, సాయంత్రం పేదవాడల్లో తిరిగేవాడు. ఆయన విద్యార్థులు చూసింది ఈ మనిషిని. చివరి వరకు ఆయన కాపరి పని వదల్లేదు.

గ్లౌహా పరిస్థితి దయనీయం. 1682లో వచ్చిన మహమ్మారి ఊరిని ఊడ్చేసింది. మిగిలినవారిలో పేదరికం, తాగుడు. ఊరినిండా సారాయి కొట్లు. గురువారాల్లో బిచ్చగాళ్లు కాపరి ఇంటికి రొట్టె కోసం వచ్చేవారు. ఫ్రాంకే వారిని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, పిల్లలను ప్రశ్నోత్తరి లోంచి ప్రశ్నలు అడిగాడు. ఒక్కరికీ ఏమీ తెలియదు. రొట్టె ఇచ్చి పంపితే చాలదని తెలిసింది. ఇంట్లో కానుక పెట్టె తగిలించాడు. 1695లో ఒకరోజు ఆ పెట్టెలో 4 థాలర్ల 16 గ్రోషెన్లు ఒక్కసారిగా కనిపించాయి. ఎవరో ఒక స్త్రీ వేసి వెళ్లింది. అది గొప్ప మూలధనమనీ, దీనితో ఏదైనా మంచి పని చెయ్యాలనీ ఆయనకు తోచింది. రెండు థాలర్లతో పుస్తకాలు కొన్నాడు. ఒక బీద యూనివర్సిటీ విద్యార్థిని రోజుకు రెండు గంటలు పిల్లలకు చదువు చెప్పడానికి పెట్టాడు. పుస్తకాలు ఇరవై ఏడు పంచితే నాలుగే తిరిగొచ్చాయి. మిగిలినవి అమ్ముకున్నారో ఏం చేసుకున్నారో, పిల్లలు మళ్లీ కనిపించలేదు. ఫ్రాంకే ఉన్న డబ్బుతో మళ్లీ పుస్తకాలు కొన్నాడు. ఈసారి పాఠం అయ్యాక అక్కడే పెట్టి వెళ్లమన్నాడు.

అనాథ శరణాలయాన్ని మాత్రమే చూసి ఫ్రాంకేను గొప్ప దాతగా చెప్పుకోవడం మనకు అలవాటు. కాని ఆ మొదటి పాఠశాలలో ఇద్దరు బీదలున్నారు. ఒకరు బల్ల మీద కూర్చున్న పిల్లవాడు, రెండోవాడు ఎదురుగా నిలబడిన విద్యార్థి. ఫ్రాంకే ఇద్దరినీ చూశాడు. హాలేలో వేదాంతం చదివే పిల్లల్లో చాలామంది పస్తులతో చదివేవారే. పల్లె కాపరుల పిల్లలు, చేతివృత్తులవారి పిల్లలు. మొదట వారికి వారం వారం కొంత డబ్బు ఇచ్చి చూశాడు. డబ్బు కన్నా భోజనమే మేలనిపించింది. 1696లో రెండు బల్లలు వేసి ఇరవై నాలుగు మందికి ఉచితంగా భోజనం పెట్టడం మొదలుపెట్టాడు. తిన్నవారు దానికి ప్రతిగా రోజూ కొన్ని గంటలు పాఠశాలల్లో బోధించాలి. పిల్లలకు ఉపాధ్యాయులు దొరికారు, విద్యార్థులకు అన్నం దొరికింది. అంతకన్నా పెద్ద లాభం మరొకటుంది. రేపు సంఘానికి కాపరి కావలసినవాడు ఈ రోజే మురికివాడ పిల్లవాడి ముందు కూర్చుని, కృప అంటే ఏమిటో వాడికి అర్థమయ్యేలా చెప్పాల్సి వచ్చింది. లాటిన్ వాదాలు అక్కడ పనికిరావు. అర్థం కాకపోతే పిల్లవాడి ముఖమే చెబుతుంది.

ఉపాధ్యాయులుగా పనిచేసే విద్యార్థుల కోసం ప్రత్యేకంగా శిక్షణ ఏర్పాటు చేశాడు. తనిఖీదారులు వారి తరగతులు చూసేవారు. తప్పులు కూర్చోబెట్టి చెప్పేవారు. మనం ఈ రోజు ఉపాధ్యాయ శిక్షణ కళాశాల అని పిలిచే పద్ధతికి జర్మనీలో తొలి రూపాల్లో ఇదొకటి. 1702లో ఉన్నత స్థాయి విద్యార్థుల కోసం ప్రాచ్య భాషల వేదాంత కళాశాల తెరిచాడు. హెబ్రూ, అరమేయిక్, అరబిక్ వంటి భాషలు అక్కడ నేర్పేవారు. యోహాన్ హైన్రిక్ మికాయెలిస్ నాయకత్వంలో ఆ పండితులు రాతప్రతులు పోల్చిచూసి సిద్ధం చేసిన హెబ్రూ బైబిలు 1720లో అచ్చయింది. పైటిస్టులు చదువుకు శత్రువులన్న నింద వేసినవారు దీన్ని చూడాల్సింది. మోకాళ్లూనితే చాలు, వ్యాకరణం అక్కర్లేదని ఫ్రాంకే ఏనాడూ అనలేదు. మూల భాషలు నేర్చుకోకుండా తప్పించుకునే సోమరితనాన్ని భక్తి అని పిలవడం ఆయనకు గిట్టేది కాదు.

యూనివర్సిటీలో వారానికి ఒకసారి వేదాంత విద్యార్థులందరినీ పోగుచేసి ఆయన ఒక ఉపన్యాసం ఇచ్చేవాడు. అందులో సిద్ధాంత పాఠాలుండవు. విద్యార్థి జీవితమే అందులో పాఠం. ప్రార్థన, లేఖన ధ్యానం, శోధన ఈ మూడూ వేదాంతిని తయారుచేస్తాయని లూథరు చెప్పిన సంగతిని ఆయన తన పిల్లలకు మళ్లీ మళ్లీ గుర్తుచేసేవాడు. సమయం ఎలా వాడుతున్నారు, స్నేహాలు ఎలాంటివి, అప్పులు చేస్తున్నారా, చదువుతున్నది దేవుని కోసమా ఉద్యోగం కోసమా అని నిలదీసేవాడు. దశాబ్దాలపాటు ఈ ఉపన్యాసం ఆగలేదు. ఎన్ని పనులున్నా దీన్ని వదలకపోవడం చూస్తే, తన పనులన్నిటిలో ఆయన దేనికి పెద్దపీట వేశాడో తెలుస్తుంది.

మరోవైపు సంస్థలు ఆశ్చర్యపడేంత వేగంగా పెరిగాయి. 1698లో శరణాలయ భవనానికి పునాది రాయి వేశారు. దాని ముఖభాగం మీద సూర్యుని వైపు ఎగిరే రెండు గద్దలను చెక్కి, యెషయా 40వ అధ్యాయం 31వ వచనాన్ని రాయించాడు. ఆ భవనం ఇప్పటికీ నిలిచి ఉంది. ముద్రణాలయం, పుస్తకాల దుకాణం, మందుల దుకాణం వచ్చాయి. వాటి ఆదాయం బల్లలకు, బడులకు వెళ్లేది. 1710లో కాన్‌స్టైన్ ప్రభువు అక్కడ బైబిలు ముద్రణ సంస్థ నెలకొల్పాడు. కూర్చిన అక్షరాలను విప్పకుండా అలాగే ఉంచి మళ్లీ మళ్లీ అచ్చు వేయడంతో బైబిలు పేదవాడు కొనగలిగే ధరకు వచ్చింది.

ఇంతవరకు మెచ్చుకున్నాం. ఇక మెచ్చుకోలేనివి కూడా చెప్పుకోవాలి. శరణాలయం పిల్లలకు ఆటలు లేవు. ఆట సమయం వృథా అనీ, మనసును దేవుని నుంచి దూరం చేస్తుందనీ ఫ్రాంకే నమ్మాడు. ఒకప్పుడు ఆయన పక్షాన నిలిచిన థొమాసియుసే తరువాత ఈ కట్టుబాట్లను విమర్శించాడు. ఇక వేదాంత విద్యార్థుల సంగతి. ల్యూనెబర్గ్‌లో ఫ్రాంకే సందేహంతో కుమిలి, ఏడ్చి, ఒక్క రాత్రిలో వెలుగు చూశాడు. అది ఆయనకు దేవుడు చూపిన దారి. హాలేలో అదే దారి క్రమంగా అందరికీ కొలబద్ద అయింది. పశ్చాత్తాప పోరాటం ఎప్పుడు జరిగింది, ఏ రోజు విడుదల వచ్చింది అని చెప్పగలగాలి. చెప్పలేనివాడి భక్తి మీద అనుమానం. ఫ్రాంకే చనిపోయాక 1729లో ప్రష్యా రాజు ఒక ఆజ్ఞ ఇచ్చాడు. తన రాజ్యంలో లూథరన్ కాపరి కావాలంటే కనీసం రెండేళ్లు హాలేలో చదివి తీరాలన్నాడు. కన్నీళ్లకు ఉద్యోగం ముడిపడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? నిజంగా ఏడ్చినవారితోపాటు ఏడవడం నేర్చుకున్నవారూ తయారయ్యారు. ఏ బూటకాన్ని తప్పించుకోవడానికి ఫ్రాంకే ఆ బుధవారం ప్రసంగం మానుకుందామనుకున్నాడో, అదే బూటకం ఆయన కట్టిన ఇంట్లోకి వేరే తలుపు నుంచి వచ్చింది.

క్రిస్టియాన్ వోల్ఫ్ విషయం ఇంకా బాధాకరం. ఆయన హాలేలోనే తత్వశాస్త్ర ప్రొఫెసరు. ఆయన తరగతులకు విద్యార్థులు బారులు తీరేవారు. బుద్ధితోనే సత్యాన్ని నిరూపించవచ్చన్న ఆయన బోధ కాబోయే కాపరులను దారి తప్పిస్తుందని ఫ్రాంకే, ఆయన సహచరుడు యోహాకిమ్ లాంగె భయపడ్డారు. ఆ భయానికి అసలు కారణమే లేదని మేము అనం. విద్యార్థుల ఆత్మలకు తాము లెక్క అప్పజెప్పాలని వారు నమ్మారు. కాని వారు వాదనతో ఆగలేదు, రాజుదాకా వెళ్లారు. 1723 నవంబరులో ఫ్రెడరిక్ విల్హెల్మ్ రాజు నలభై ఎనిమిది గంటల్లో రాజ్యం విడిచి వెళ్లకపోతే ఉరితీస్తానని వోల్ఫ్‌కు ఆజ్ఞ పంపాడు. ఎర్ఫర్ట్ నుంచి గంటల లెక్కన తరిమివేయబడిన మనిషి ముప్పై రెండేళ్ల తరువాత మరో అధ్యాపకుని మీదికి అలాంటి గడువు రావడంలో పాలుపంచుకున్నాడు. వోల్ఫ్ 1740లో గౌరవంగా హాలే తిరిగి వచ్చాడు. అప్పటికి ఫ్రాంకే లేడు. ఈ సంఘటనను దాచిపెట్టి ఆయన జీవితం రాసే పుస్తకాలు కొన్ని ఉన్నాయి. దాచడం వల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదు.

తెలుగువారమైన మనకు హాలేతో ఉన్న బంధుత్వం చాలామందికి తెలియదు. డెన్మార్క్ రాజు భారతదేశానికి మిషనరీలను పంపాలనుకున్నప్పుడు జర్మనీ లోని ఈ భక్తి ఉద్యమం వైపే చూశాడు. హాలేలో కొంతకాలం చదివిన బర్తలోమియ జీగెన్‌బాల్గ్, ఆయన తోడు హైన్రిక్ ప్లూషౌ 1706 జూలైలో తమిళ తీరంలోని తరంగంబాడిలో దిగారు. ఫ్రాంకే హాలే నుంచి వారికి డబ్బు, మనుషులు, అచ్చు సామగ్రి పంపించే ఏర్పాట్లు చూశాడు. వారి ఉత్తరాలను 1710 నుంచి అచ్చువేయించి జర్మన్ సంఘాల చేతికి ఇచ్చాడు. 1719లో హాలే విద్యార్థి మరొకాయన తరంగంబాడి చేరాడు. ఆయనే బెంజమిన్ షుల్జ్. ఆ సంవత్సరమే జీగెన్‌బాల్గ్ చనిపోవడంతో ఆయన సగంలో వదిలిన తమిళ పాత నిబంధనను షుల్జ్ పూర్తిచేశాడు. తరువాత మద్రాసు వెళ్లాడు. అక్కడి వీధుల్లో తమిళంతోపాటు తెలుగు వినిపించింది. కూర్చుని నేర్చుకున్నాడు. 1728లో లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. బైబిలును తెలుగులోకి అనువదించాడు. 1743లో హాలే తిరిగి వెళ్లాక 1746, 1747 సంవత్సరాల్లో కొన్ని క్రైస్తవ పుస్తకాలను అక్కడ తెలుగు అక్షరాలతో అచ్చువేయించాడు. తెలుగులో అచ్చయిన మొదటి పుస్తకాలు అవే. మన భాష మొదట అచ్చులో కనిపించింది ఫ్రాంకే నెలకొల్పిన సంస్థల నీడలో అన్నమాట! షుల్జ్ తెలుగు బైబిలు మాత్రం అచ్చు కాలేదు. ఆయన వ్యాకరణం కూడా రాతప్రతిగానే ఉండిపోయి 1984లో హాలేలోనే వెలుగు చూసింది.

విద్యార్థులను చదివించడం, నేర్పడం, వారి ఆత్మల గురించి వేధించడం అన్నీ ఒక్కటే పనిగా చేసిన ఫ్రాంకే 1726 చివరికి బాగా నీరసించాడు. 1727 మే నెలలో వేదాంత విద్యార్థులకు తన చివరి ఉపన్యాసం ఇచ్చాడు. కొద్ది రోజుల తరువాత బండిలో కూర్చోబెట్టి శరణాలయం తోటలోకి తీసుకెళ్లారు. అక్కడ చాలాసేపు ప్రార్థించాడు. ల్యూనెబర్గ్ రాత్రి నుంచి నలభై ఏళ్లలో దేవుడు చేసిన మేళ్లను లెక్కపెట్టుకున్నాడు. జూన్ 8న కన్నుమూశాడు. ఆ నాటికి ఆయన బడుల్లో రెండు వేలకు పైగా పిల్లలు చదువుతున్నారు. ఉచిత భోజనం బల్లల దగ్గర సుమారు 250 మంది విద్యార్థులు తింటున్నారు.

కుమారుడు గొట్‌హిల్ఫ్ ఆగస్ట్ ఫ్రాంకే పని అందుకున్నాడు. పెన్సిల్వేనియాలో చెదిరిపోయిన జర్మన్ లూథరన్లు కాపరిని పంపమని అడిగితే, హాలేలో బోధకుడిగా పనిచేసిన హైన్రిక్ మెల్కియోర్ మ్యూలెన్‌బర్గ్‌ను ఆయన 1742లో అమెరికాకు పంపాడు. మ్యూలెన్‌బర్గ్ 1748లో అక్కడి కాపరులను పోగుచేసి ఒక సంఘ సమితిగా కట్టాడు. ఆ పెన్సిల్వేనియా సమితి పంపిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842 జూలై 31న గుంటూరు చేరాడు. గుంటూరులో ఆయన మొదట తెరిచిన వాటిలో బడులున్నాయి.